గళ్ళలో కాలూ చెయ్యీ

"మంట తగిలితే జరిగేది, నడవాలంటే కావలసినది – 2 అక్షరాలు."

జవాబు చెప్పే ముందు మిత్రులు ఒక్క క్షణం ఆలోచించగలరు. ఈ మాట మన ఒంటి మీదే ఉన్నది, ఇప్పుడు బెంచీ కింద ఊగుతూ ఉండవచ్చు కూడా. కాలు! "కాలు" అంటే దహించుకుపోవడం, "కాలు" అంటే అవయవం. ఇటువంటి పదాలను వెదికి, గళ్ళలో అడ్డంగా నిలువుగా అమర్చి, ఒకదాని అక్షరం ఇంకొకదానికి ఊతమిచ్చేట్టు కట్టినదే గళ్ళ నుడికట్టు. దీనినే పదబంధ ప్రహేళిక అని కూడా అంటారు. ఈ రెండో పేరులోనే ఒక చమత్కారం దాగి ఉన్నది. పదము అంటే మాట, పదము అంటే పాదం కూడా. అంటే పదబంధం మాటలకు వేసిన కట్టూ అవుతుంది, కాళ్ళకు వేసిన కట్టూ అవుతుంది. ఆదివారం పూట పుస్తకాలు పక్కకు తోసి దీనిలో పడిన వాడు సాయంత్రం దాకా లేవడు గనుక రెండో అర్థమే సరైనదేమో!

నేను సైన్సు విద్యార్థిని. సాహిత్యంలో నాకు అధికారం లేదు. మాది కోరుట్ల దగ్గర ఒక పల్లె, వరీ పసుపూ పండించే ఇల్లు. అయినా ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం ఉన్నది. అది తరువాత చెబుతాను.

ఈ ఆట పుట్టుక గురించి రెండు మాటలు. లివర్‌పూల్‌లో పుట్టి అమెరికా వెళ్ళిన ఆర్థర్ విన్ అనే పత్రికా ఉద్యోగి 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ అనే పత్రికలో వజ్రం ఆకారపు గళ్ళతో మొదటిది వేశాడు. అతను పెట్టిన పేరు వర్డ్-క్రాస్. తర్వాత ఆ రెండు ముక్కలూ తారుమారై క్రాస్‌వర్డ్ అయింది. 1924లో మొదటి పుస్తకం వచ్చింది, 1930లో లండన్ టైమ్స్ కూడా లొంగింది. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర అంతటి వారు పత్రికలకు వీటిని కూర్చారు. కాబట్టి ఇది పనిలేనివాళ్ళ పని అనే లెక్చరర్లు ఒకసారి పునరాలోచించాలని మనవి.

ఇంగ్లీషు గడిలో ఒక్క అక్షరమే పడుతుంది. మన గడిలో మాత్రం గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిసి ఒకే గడిలో కూర్చోవాలి. "కాళ్ళు" అనే మాటకు రెండే గళ్ళు. "పిడికిలి"కి నాలుగు. "కోదండము"లో "దం" ఒకే గడి. దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. మన మూడు ఊళ్ళనే తీసుకుందాం. జగిత్యాలకు నాలుగు గళ్ళు: జ, గి, త్యా, ల. మూడో గడి నుండి కిందికి "త్యాగము" దించుకోవచ్చు, ఇబ్బంది లేదు. సిరిసిల్లకూ నాలుగే, కానీ చివరి "ల్ల"తో తెలుగులో ఏ మాటా మొదలు కాదు. "పిల్లలు" లాంటి మాటను నడుమ నుండి దాటించాలి. కోరుట్లకు మూడు గళ్ళు, ఆ "ట్ల" ఇంకా మొండిది. "అట్లతద్ది" పెడితే సరిపోతుంది గానీ ఆ పండుగ మావైపు లేదు. "ఎట్ల?" అనే ప్రశ్న మాత్రం మావైపు రోజూ ఉంటుంది. అదే పెట్టుకోవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తే, గళ్ళు కట్టేవారికి కాళ్ళూ చేతులూ అన్నంత ఇష్టమైన సరుకు మరొకటి లేదనిపిస్తుంది. ఎందుకంటే మనిషి మొదట కొలిచింది, లెక్కపెట్టింది, పనిచేసింది వాటితోనే కదా. అందువల్ల ఆ మాటలకు రెండేసి, మూడేసి అర్థాలు అంటుకున్నాయి. "అడుగు" చూడండి. పన్నెండు అంగుళాలు అడుగు. కుండ కింది భాగం అడుగు. నడకలో వేసేది అడుగు. "సారును అడుగు" అన్నప్పుడూ అడుగే. మూడే గళ్ళలో నాలుగు అర్థాలు! "పని పురమాయించే అవయవం (2)" అంటే చేయి. "చేతికి ఒక్కటి, లెక్కకు ఎన్నో పదివందలు (2)" అంటే వేలు. "రాజు అడిగేది, సూర్యుడు పంపేది, దండం పెట్టేటప్పుడు మనం జోడించేది (3)" అంటే కరము. పన్నూ, కిరణమూ, చెయ్యీ మూడూ కరమే.

పాదము అంటే నాలుగో వంతు అని కూడా అర్థం ఉన్నది. పద్యానికి నాలుగు పాదాలు. తెలుగు కాలుకూ అదే అర్థం ఉన్నది: కాలు, అర, ముక్కాలు అని పాత లెక్క. నాలుగు కాళ్ళ జంతువును ఎదురుగా పెట్టుకొని చూస్తే ఒక్కో కాలు ఒక్కో పాలు. మా కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది, ఈ లెక్క వారికి సులువుగా అర్థం కావాలి. "ముక్కాలు" అంటే నాలుగింట మూడు పాళ్ళూ అవుతుంది, మూడు కాళ్ళూ అవుతుంది. ముక్కాలిపీట అందుకే ముక్కాలిపీట అయింది.

లెక్కల పుస్తకంలోనూ ఇదే సంగతి. త్రిభుజము, చతుర్భుజము అంటూ పదో తరగతి దాకా చదివాము గానీ భుజము అంటే సంస్కృతంలో చెయ్యి అనీ, మూడు చేతులదే త్రిభుజమనీ ఎవరైనా తలచామా? అదే మాట తెలుగులోకి వచ్చి చెయ్యి మొదలుకు, అంటే భుజానికి, జారింది. సిరిసిల్లలో బట్ట కొలిచినా, జగిత్యాల బస్టాండులో పూలమ్మి మాల కొలిచినా కొలత ఒంటి మీదిదే. నాలుగు వేళ్ళ వెడల్పు బెత్తెడు. మూడు బెత్తెలు జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. చేతులు రెండూ చాపితే బారెడు, అది ఇంచుమించు ఆ మనిషి ఎత్తుకు సమానం. నమ్మనివారు హాస్టలు గోడ దగ్గర సున్నపుముక్కతో కొలిచి చూసుకోవచ్చు. గింజల కొలత కూడా చేతిదే: చిటికెడు, పిడికెడు, దోసెడు.

పాదపము అనే మాట నాకు అన్నిటికంటే నచ్చింది. పాదంతో తాగేది, అంటే చెట్టు. వేరు నీటిని పీల్చుతుందని మేము వృక్షశాస్త్రంలో బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకుంటాము. ఆ సంగతి ఆ పేరు పెట్టినవాడికి అప్పుడే తెలుసు. సూర్యుని రథసారథి పేరు అనూరుడు, ఊరువులు లేనివాడు, అంటే తొడలు లేనివాడు. "నడుమ నూరు ఉన్నా తొడలు మాత్రం లేని సారథి (4)" అని ఆధారం కట్టవచ్చు. అ-నూ-రు-డు: నడుమ రెండు గళ్ళలో నూరు కూర్చున్నది గదా!

ఇంకో వింత ఏమంటే, ఆధారాలలో చేసే కిటుకులకు కూడా ఒంటి భాషే వాడతారు. "తల తెగిన" అంటే మొదటి అక్షరం తీసెయ్యాలి. "నడుము విరిగిన" అంటే మధ్య అక్షరం. "వెనక్కి నడిచిన" అంటే తిరగేసి చదవాలి. నిలువు మాటకైతే "శీర్షాసనం వేసిన" అంటారు, కింది నుండి పైకి చదవాలి. "శీర్షాసనం వేసిన తల తీగలా వంగింది (2)" – తల తిరగబడితే లత. "వెనక్కి వేసిన నడక చివరన తేలింది (3)" – నడక తిరగబడితే కడన. మోకాలుకు తల తీస్తే మిగిలేది కాలే, ఇందులో కిటుకు కూడా అక్కరలేదు.

ఇక్కడే నా కారణం చెప్పాలి.

నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక వారపత్రికలో ఇలాంటి ఆధారం వచ్చింది: కాళ్ళు మడిచి, ఒకదానిపై ఒకటి వేసి నేల మీద కూర్చునే తీరు, నాలుగు అక్షరాలు. నేను ఏమాత్రం తడుముకోకుండా "సక్లముక్లం" అని నింపాను. స, క్ల, ము, క్లం. సరిగ్గా నాలుగు! చిన్నప్పటి నుండి నాయినమ్మ "సక్లముక్లం పెట్టుకొని కూసో బిడ్డా, అన్నం పెడ్త" అంటే అలాగే కూర్చున్నవాణ్ణి. కానీ దాన్ని దాటే నిలువు మాటలు ఒక్కటీ కుదరలేదు. వారం తర్వాత జవాబు వచ్చింది: బాసింపట్టు. అదీ నాలుగే. అది తప్పని నేననను, చక్కటి మాట. మా నాయినమ్మకు చూపిస్తే "గదేం మాట కొడుకా, పెండ్లిల బాసింగం కట్టిన తీరున్నది" అని నవ్వింది.

అప్పటి నుండి నేను ఒక నోటుబుక్కు పెట్టి, ఇక్కడ ఒక అర్థం, అక్కడ ఒక అర్థం ఉన్న ఒంటి మాటలు రాయడం మొదలుపెట్టాను. బొక్క: అక్కడ చిల్లు, మాకు ఎముక. రెట్ట: అక్కడ పిట్ట వేసేది, మాకు మోచేతికీ భుజానికీ నడుమ ఉన్న చెయ్యి. రెక్క: అక్కడ పక్షికే, మాకు మనిషికీ. "రెక్కాడితే గాని డొక్కాడదు" అనే సామెత మాత్రం అందరికీ ఉన్నది. పెయ్యి: మాకు ఒళ్ళు. చివరి అక్షరం కొంచెం మారితే పెయ్య, ఆడదూడ. వెల్లకిలా అని వారంటే మేము ఎల్లెల్కల అంటాం. బోర్ల ఇద్దరికీ దగ్గరదే. మోకా అంటే మాకు అవకాశం, ఉర్దూ నుండి వచ్చి ఇంట్లో మనిషైపోయింది. దానికి బహువచనం మోకాలు! "అవకాశాలొస్తే వంగేది (3)" అని ఆధారం కట్టి ఎంత మురిసిపోయానో చెప్పలేను. అదే వారపత్రికకు పంపితే "గ్రామ్యం" అని ఒక్క మాట రాసి తిప్పి పంపారు. సరే, వారి గళ్ళు వారివి.

ఇదంతా సరదా అనుకునేవాణ్ణి. డిగ్రీ మొదటి సంవత్సరం యాసంగిలో మా నాయిన పసుపు ఉడకబెట్టే కడాయి దగ్గర తడి నేల మీద జారి, ఎడమ చెయ్యి కింద పడేట్టు పడిపోయాడు. ఆటోలో పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు చిన్న వయసువాడు, దూరపు జిల్లా నుండి కొత్తగా వచ్చినవాడు. మంచివాడే, విసుక్కోలేదు. "ఏమైంది పెద్దాయనా?" అన్నాడు. మా నాయిన "రెట్ట ఇరిగింది సారూ, బొక్క కలుక్కుమన్నది" అన్నాడు.

పక్కనున్న నాకు నవ్వు వచ్చింది, నిజం చెప్పాలి. నా నోటుబుక్కులోని రెండు పేజీలు ఒక్క వాక్యంలో వచ్చిపడ్డాయి. డాక్టరు అంగీ మీద చూశాడు, తర్వాత "బొక్క ఎక్కడ పడింది?" అని గాయం కోసం వెదికాడు. ముంజేతి మీద గీరుకుపోయిన చోటు కనబడింది. అక్కడ కడిగి, కట్టు కట్టి, సూది వేసి, ముంజేతికి ఎక్స్‌రే రాశాడు. వెనక వరుస చాలా పొడుగ్గా ఉన్నది. ముంజేతి ఎముకలు రెండూ బాగానే ఉన్నాయి. నొప్పికి మాత్రలిచ్చి పంపారు. నేను నవ్వు ఆపుకొనే పనిలో ఉండి "సార్, మావైపు రెట్ట అంటే పై చెయ్యి, బొక్క అంటే ఎముక" అని చెప్పలేదు. చెప్పవలసినవాణ్ణి నేనొక్కణ్ణే అక్కడ. మూడో రోజు చెయ్యి వాచి నల్లబడితే మళ్ళీ పోయాం. అప్పుడు తేలింది, విరిగింది మోచేతి పైన.

మా పాఠ్యపుస్తకంలో ఆ ఎముక పేరు భుజాస్థి. ముంజేతిలోవి రత్ని, అరత్ని. పిక్క దగ్గరివి అంతర్జంఘిక, బహిర్జంఘిక. తెలుగు మీడియంలో ఇవన్నీ బట్టీ పట్టి, బొమ్మకు బాణాలు గీసి నూటికి తొంభై తెచ్చుకున్నవాణ్ణి నేను. భుజాస్థికి మా ఇంట్లో పేరు "రెట్ట బొక్క" అని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు, పరీక్షలో ఎవరూ అడగరు. ఒకే ఎముకకు పుస్తకం తెలుగు ఒకటి, పత్రిక తెలుగు ఒకటి, మా నాయిన తెలుగు ఒకటి. మూడూ నాకు తెలుసు. మూడూ దాటే గడి దగ్గర నోరు తెరవలేదు.

పిండికట్టు వేశారు. నాయిన ఆరు వారాలు మంచంలో ఎల్లెల్కల పండుకొని కప్పు చూస్తూ ఉండేవాడు. ఏడో తరగతి దాకా చదువుకున్నాడు, పేపరు చదువుతాడు. పొద్దుపోక "నీ గళ్ళబుక్కు తే" అన్నాడు. అప్పటి నుండి నేను ఆధారాలు కట్టడం, ఆయన విప్పడం. కొన్ని రోజులకు ఆయనే కట్టడం మొదలుపెట్టాడు. శ్రీరాంసాగర్ నుండి వచ్చే కాకతీయ కాలువ నీళ్ళ మీద బతికే రైతు గనుక మొదటిది ఇది: "కాలుతోనే మొదలు, గని నడువది, పారుతది (3)". కాలువ.

ఒంటి తీరుల గురించి ఆయన చెప్పిన లెక్క ఒకటి ఇక్కడ రాయాలి. ఇంగ్లీషు గళ్ళలో ప్రోన్, సుపైన్, అకింబో అనే మాటలు పదే పదే వస్తాయి. ప్రోన్ అంటే బోర్ల, సుపైన్ అంటే ఎల్లెల్కల. అకింబో అంటే నడుము మీద చేతులు పెట్టుకొని మోచేతులు బయటికి చాచి నిలబడటం. దీనికి మనకు ఒక్క మాట ఎందుకు లేదని అడిగాను. "గట్ల నిలబడేటోడు పని చేసేటోడు గాదు, చేపిచ్చేటోడు. మాకెందుకు దాని పేరు?" అన్నాడు. ఇది శాస్త్రం కాదు గానీ కొట్టిపారేయడానికి నాకు మనసు రాలేదు. పని తీరులకు మాత్రం పేర్లు దండిగా ఉన్నాయి. నాటు వేసే ఆమె పొద్దంతా వంగే ఉంటుంది. మావైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళు చాట ఒడిలో పెట్టుకొని సక్లముక్లంలో గంటల తరబడి కదలరు. లేచేటప్పుడు గోడ పట్టుకుంటారు. గుంట మగ్గం నేసేవాడు గుంట అంచున కూర్చొని కాళ్ళు గుంటలోకి దించి తొక్కుపలకలు తొక్కుతాడు, చేతులు పైన, కాళ్ళు కింద, రెండూ వేర్వేరు లెక్కలో నడవాలి. అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసిన నల్ల పరంధాములుది సిరిసిల్లే. అదే సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో పనిచేసే మా మిత్రుని తండ్రి కూర్చోడు, సాంచాల నడుమ రాత్రంతా తిరుగుతూ నిలబడే ఉంటాడు. వృత్తి ఒకటే, ఒంటి తీరు మారిపోయింది.

అరచెయ్యి పైకి తిప్పడాన్ని సుపినేషన్ అనీ, కిందికి తిప్పడాన్ని ప్రొనేషన్ అనీ మాకు చెబుతారు. పైకి తిప్పితే రత్ని, అరత్ని పక్కపక్కన ఉంటాయి, కిందికి తిప్పితే ఒకటి రెండోదాని మీదికి దాటుతుంది. అచ్చం మన అడ్డం, నిలువు మాటల్లాగే. నాయిన దానికి పేర్లు పెట్టాడు: పట్టే చెయ్యి, పెట్టే చెయ్యి. తీసుకునేవాడి అరచెయ్యి పైకి ఉంటుంది, పెట్టేవాడిది కిందికి.

బడి శిక్షలు కూడా ఒంటి తీరులే. "రాముని చేతికి విల్లు, పాత బడిలో పిల్లవాడి చేతికి దూలానికి కట్టిన తాడు (4)" – కోదండము. దాని కాలం పోయింది గానీ గోడకుర్చీ మా దాకా వచ్చింది. వీపు గోడకు ఆనించి, కింద ఏమీ లేకుండా కూర్చున్నట్టు నిలబడాలి. తొడ అడ్డంగా, పిక్క నిలువుగా! మీద బరువంతా మోకాలికి దూరంగా పడుతుంది. ఆ తిప్పుడు బలాన్ని తొడ కండరం ఒక్కటే ఆపాలి. ఏమీ కదలదు గనుక భౌతికశాస్త్రం ప్రకారం చేసిన పని సున్న. అయినా చెమటలు కారుతాయి, ఎందుకంటే బిగిసి ఉండటానికే కండరం లోపల శక్తి ఖర్చవుతుంది. ఈ లెక్క తెలియని వయసులో నేను దీన్ని చాలాసార్లు ప్రయోగం చేశాను.

ఇక మిత్రుల కోసం కొన్ని. మొదటి నాలుగూ నావి, చివరిది నాయినది. చేతలో నేనున్నాను, సిరిసిల్ల పాత వృత్తిని (3). ఎనిమిది వంకరలు ఒంట్లోనే, బుద్ధిలో లేవు (5). కాళ్ళు పైకెత్తినట్టు పేరున్న ధ్రువుని తండ్రి (6). నూలు కాకపోతే నేతగానికి ఇది, మల్లునికి మాత్రం ఎప్పుడూ ఇదే (2). పిట్టది మీద పడితే కడుక్కుంటరు, మనిషిది ఇరిగితే కట్టు కడ్తరు (2).

జవాబులు: చేనేత, అష్టావక్రుడు, ఉత్తానపాదుడు, పట్టు. చివరిదానికి జవాబు పైన ఇచ్చే ఉన్నాను. కట్టు విప్పి ఏడాది దాటింది. నాయిన ఎడమ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు, నాగలి పట్టడానికి చాలు, గడ్డిమోపు ఎత్తడానికి మాత్రం నేను సెలవుల్లో ఇంటికి పోవాలి. ఆ మధ్య మా ఊరి ముసలాయన్ను అదే ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు నోటుబుక్కులోని పేజీలు రెండు తిరగరాసి ఆ డాక్టరుకు ఇచ్చాను. ఆయన బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నాడు. "బొక్క" పక్కన తన చేత్తో "ఎముక" అని రాసుకొని, "రెట్ట" దగ్గర ఆగి, నా వైపు చూసి, మా నాయిన చెయ్యి ఎట్లా ఉన్నదని అడిగాడు.